దయ్యం పైటకు పిన్నీసు

నా చిన్నప్పుడు మా వాడకట్టులో ప్రతి సినిమా రెండుసార్లు ఆడేది. ఒకసారి టాకీసులో, రెండోసారి నా నోట్లో. టాకీసులో రెండున్నర గంటల్లో అయిపోయే బొమ్మ నా దగ్గర మూడు గంటలకు తక్కువ కాకుండా నడిచేది, ఎందుకంటే హీరోకు అక్కడ రెండు ఫైట్లుంటే నేను దయతలచి ఇంకో రెండు కలిపేదాన్ని. ఎవరూ ఎక్కువైందని అడగలేదు.

దీనికంతటికీ మూలం మా మేనత్త. మెదక్‌లో మేముండే గల్లీకి నాలుగడుగుల దూరంలో ఉన్న టాకీసులో ఆమె ఆడవాళ్ల గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపేది. కాబట్టి ఆ గేటు నాకు మా ఇంటి దర్వాజాతో సమానం. ఆదివారం మాట్నీకి వెళ్లి ఆడవాళ్ల నేలలో ముందు కూర్చునేదాన్ని. మా గల్లీలో చాలా ఇళ్లలో పిల్లల్ని సినిమాకు పంపే రివాజు లేదు. అందుకని చూసి వచ్చినవాళ్లు చూడనివాళ్లకు కథ చెప్పాలి, అది మా దగ్గర పద్ధతి. సాయంత్రం పొద్దుండగానే పిల్లలంతా మా ఇంటి ముందు గద్దె చుట్టూ చేరేవారు. వాళ్ల వెనక, బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు నటిస్తూ ఆడవాళ్లు. పన్నెండేళ్లకే నేను బడికి దండం పెట్టి వచ్చేశాను గాని, ఆ గద్దె మీద మాత్రం ఒక్క ఆదివారం కూడా నాగా పెట్టలేదు.

నా కథల్లో ఒక కిటుకు ఉండేది. సినిమాలో విలన్ ఎట్లా దగ్గుతాడో నాకు గుర్తుండకపోతే మా లెక్కల సారు దగ్గును తెచ్చి పెట్టేదాన్ని. హీరోయిన్ తల్లికి మూల ఇంటి పెద్దమ్మ ముక్కు ఎగబీల్చే అలవాటు పెట్టేదాన్ని. ఎవరి దగ్గర అరువు తెచ్చానో అందరికీ తెలిసిపోయేది, గద్దె చుట్టూ అందరూ పడీపడీ నవ్వేవారు. మూల ఇంటి పెద్దమ్మ కూడా ముక్కు ఎగబీల్చి మరీ నవ్వేది. ఇందులో తప్పేముందని నాకెప్పుడూ తోచలేదు.

ఆ దయ్యం సినిమా వచ్చేనాటికి నాకు పదేళ్లు. పోస్టరు మీద పాత బంగళా, తెల్ల చీర, విరబోసుకున్న జుట్టు. ముఖం కనబడదు. "గిది నీకు వద్దే, లంగ తడుపుకుంటవ్" అని మేనత్త ముందే చెప్పింది. వద్దంటే వద్దని ఊరుకునేదాన్నయితే నేను ఇంతదాన్ని అయ్యేదాన్ని కాదు. పోయి కూర్చున్నాను.

మొదటి పది నిమిషాలు మహా ధైర్యంగా చూశాను. తర్వాత ఎక్కడి నుంచో గజ్జెల చప్పుడు మొదలైంది. నా తల దానంతటదే మోకాళ్ల మధ్యకు పోయింది. చెవులు కూడా మూసుకుందామంటే ఉన్నవి రెండే చేతులు, అవి కళ్లకే సరిపోయాయి. పక్కన ఆడవాళ్లు కెవ్వుమంటుంటే నా వెన్ను మీద ఎవరో చన్నీళ్లు పోసినట్టుండేది. పాటలప్పుడు తల ఎత్తేదాన్ని, గజ్జెలప్పుడు దించేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ సినిమాలో దయ్యాన్ని తప్ప అన్నిటినీ చూశాను.

సాయంత్రం గద్దె చుట్టూ మామూలుకన్నా ఎక్కువ మంది చేరారు. ఇంకా పేర్లు పడకముందే ఒకడు, "దయ్యం ఎట్లుందే?" అని అడిగాడు. చూడలేదని చెప్తే ఆ రోజుతో నా టాకీసు మూతపడుతుంది. లేచి నిలబడి, జడ విప్పుకుని, ఎడమ కాలును ఈడుస్తూ గద్దె మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. సర్... సర్... అని నోటితో చప్పుడు కూడా చేశాను.

ఎవరూ నవ్వలేదు. నేనెప్పుడూ వినని నిశ్శబ్దం అది, నవ్వుకన్నా రుచిగా అనిపించింది. అప్పుడు ఎదురింటి పిల్ల, నాలుగేళ్లది, సన్నని గొంతుతో అడిగింది. "పల్లీల అవ్వ లెక్కనా?"

నేను అవునని అనలేదు. తల మాత్రం ఊపాను.

పల్లీల అవ్వ టాకీసు వెనక గోడకు ఆనుకుని, ఆడవాళ్ల గేటు పక్కన కూర్చునేది. ముందు గంపలో వేయించిన పల్లీలు, పక్కన కాగితాల కట్ట. కుల్చారం దిక్కు నుంచి వచ్చిందని చెప్పుకునేవారు. టాకీసు వెనక రేకుల కొట్టంలో ఒక్కతే ఉండేది. వెలిసిపోయి తెల్లబడిన చీర. ఎడమ కాలు నేలకు రాసుకుంటూ నడిచేది. ఆ కాలుకు ఏమైందని మా ఊళ్లో ఎవరూ అడిగినట్టు లేదు, నేనైతే అడగలేదు. కాకపోతే ఆ నడకను బాగా గమనించాను. నా కళ్లకు ఆ పని బాగా వచ్చు.

సోమవారం పిల్లలు ఆమె ముందు నుంచి పరుగెత్తుకుంటూ పోయారు. మంగళవారం ఎవడో దూరం నుంచి ఒక చిన్న రాయి విసిరాడు. బుధవారం ఎదురింటి పిల్లకు జ్వరం వచ్చింది. ఆ పిల్ల అంతకుముందు రోజు పల్లీలు తిన్నదని వాళ్ల నాయనమ్మకు గుర్తుకొచ్చింది. గురువారం నల్లా దగ్గర నీళ్లు పట్టేటప్పుడు ఒక మాట విన్నాను. బాణామతి. గిట్టనివాళ్లకు మంత్రంతో రోగం పెట్టడాన్ని మా దిక్కు అట్లా అంటారు. ఆ మాటను ఎవరూ గట్టిగా అనరు. బిందె నిండుతున్న చప్పుడు చాటున అంటారు.

ఆ తర్వాత నా కథ నాకే తిరిగి వినబడటం మొదలైంది. నేను కాలు ఒక్కటే పెట్టాను. నల్లా దగ్గర దానికి ఎర్రని కళ్లు వచ్చాయి. కిరాణా దుకాణం దగ్గర పాదాలు వెనక్కి తిరిగాయి. ఇంకెవరో సందె వేళ ఆమె కొట్టంలో నిమ్మకాయలు చూశానన్నారు. చెప్పేవాళ్లంతా ఎంత నమ్మకంగా చెప్పారంటే, శుక్రవారానికల్లా నేను కూడా నమ్మాను. ఇప్పుడు చెప్తే మీరు నవ్వుతారు. నేను పుట్టించిన దయ్యానికి నేనే భయపడి, పట్టపగలు వాకిలి దాటడానికి మా అమ్మ కొంగు పట్టుకున్నాను.

శనివారం సాయంత్రం ఎదురింటి తాత మా గద్దె మీదకొచ్చి కూర్చున్నాడు. మా నాయనతో, ఇంకో ఇద్దరు ముగ్గురితో మాట్లాడాడు. నేను దర్వాజా వెనక ఉన్నాను.

"రేపు మాట్నీ ఇడిసినంక పోయి అడుగుదం" అన్నాడు. "ఒప్పుకుంటె ఊరిడిసి పొమ్మందం."

"ఒప్పుకోకుంటె?"

"ముందల పండ్లు రెండు ఊడబీకాలె. గప్పుడు మంత్రం పారదు."

ఈసారి ఏ మడిలో ఏ విత్తనం వేయాలో చెప్పినట్టు చెప్పి, బీడీ ముట్టించుకున్నాడు. మా నాయన "సూద్దం తీ" అన్నాడు. అవునని కాదు, కాదని కాదు. ఆ తాత చెడ్డవాడైతే నాకు అంత భయం వేసేది కాదు. నన్ను ఎన్నోసార్లు సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఖిల్లా దాకా తిప్పినవాడు. అట్లాంటి మనిషి నోట్లో నుంచి ఆ మాట అంత తేలిగ్గా వచ్చింది. నాలుకతో నా పళ్లు ఒక్కొక్కటి తడుముకున్నాను. నిజం చెప్దామని రెండుసార్లు గడప దాకా వెళ్లి, రెండుసార్లూ నీళ్లు తాగడానికి వచ్చినట్టు వెనక్కి వచ్చాను.

ఆదివారం మాట్నీకి వెళ్తే గేటు దగ్గర మేనత్త నన్ను ఆపింది.

"ఇయ్యాల నీకు లోపట జాగ లేదు."

ఆమె భుజం పక్క నుంచి చూస్తే సగం నేల ఖాళీగా ఉంది. ఆ మాట అనబోయేలోపే మేనత్త పల్లీల అవ్వ దిక్కు చెయ్యి చూపింది. "గామె కాడ కూసో. ఇంటర్వెల్ అయినంక సూద్దం." గేటు మూసి లోపల గడియ పెట్టింది. కథ ఏ నోట్లో పుట్టిందో ఆమెకు తెలిసిపోయిందని ఆ గడియ చప్పుడుతోనే నాకు అర్థమైంది.

ఆ గోడ పక్కన నేను, ఆమె. మధ్యలో పల్లీల గంప. అది నిండుగా ఉంది. నాలుగు రోజులుగా ఎవరూ కొనలేదు కదా. నేలను చూస్తూ కూర్చున్నాను. నేను మొదట చూసింది ఆమె పాదాలను. ముందుకే తిరిగి ఉన్నాయి.

"నువ్వేనంట గదా బిడ్డా, సినిమా మంచిగ జెప్తవంట" అన్నది ఆమె. "నాకు జెప్పు జర. ఎన్నేండ్ల సందో గీ గోడకు కూసుంటున్న, ఒక్క బొమ్మ గూడ సూడలే."

నేను పుల్లతో మట్టి మీద గీతలు గీశాను.

"సరే, నేనే జెప్త తీ" అన్నది.

ఆ పూట జరిగినదాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. ఆమె గోడకు చెవి ఆనించి నాకు సినిమా చెప్పింది. ఇప్పుడు పాట అయిపోతది, వెనక కుర్చీలు కిర్రుమంటయి, మొగోళ్లు బీడీలకు లేస్తరు అన్నది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఇప్పుడు ముసలోడు దగ్గుతడు, అందరు నవ్వుతరు గని ఆడోళ్లు నవ్వరు అన్నది. మగవాళ్ల దిక్కు నుంచే నవ్వు వినబడింది. తర్వాత వేలు పైకెత్తింది.

"ఇప్పుడిను. గజ్జెలు మోగుతయి. మోగి ఆగుతయి. వాయించుడు మొత్తం బందయితది. గప్పుడు మొత్తుకుంటరు."

గజ్జెలు మోగాయి. ఆగాయి. గోడ అవతల అంతా చెవులు రిక్కించినట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్లు కెవ్వుమన్నారు. నేను కూడా ఉలిక్కిపడ్డాను.

"సూసినవా" అన్నది. "దయ్యం వచ్చినంక ఎవ్వరు మొత్తుకోరు. రాకముందే మొత్తుకుంటరు. సప్పుడు జేస్తె గాదు, సప్పుడు బందు జేస్తె భయమైతది. గిది తీసినోడు హుషారున్నడు."

ఆ తర్వాత నా జీవితంలో సినిమా గురించి చాలామంది మాట్లాడగా విన్నాను, కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లు కూడా మాట్లాడారు. ఆమె రెండు ముక్కల్లో చెప్పినంత తేటగా ఎవరూ చెప్పలేదు. కానీ అప్పుడు మెచ్చుకునే స్థితిలో లేను. ఎందుకంటే ఆమె నా దిక్కు తిరిగింది.

"గా దయ్యం కాలీడుస్తదంట గదా?"

నేను గంపలోకి చూస్తున్నాను.

"పది దినాల సంది దినాం ఇంటున్న బిడ్డా. గజ్జెలు ఇనవడ్డయి. తలుపు ఇనవడ్డది. గాలి ఇనవడ్డది. కాలీడ్సుడు ఒక్కపారి గూడ ఇనవడలే." తన ఎడమ కాలును కొంచెం కదిలించింది. మట్టి మీద సర్‌మన్నది. "గీ సప్పుడు నాకు తెల్వదా?"

ఆమె కోపంగా అని ఉంటే ఏడ్చి తప్పించుకునేదాన్ని. అనలేదు. అడిగింది, అంతే.

"సూసినవా నువ్వు?"

"సూడలే" అన్నాను. "కండ్లు మూసుకున్న."

"మరి సూడంది ఎందుకు జెప్పినవ్?"

ఆమె గంపలోంచి నాలుగు పల్లీలు తీసి నా చేతిలో పెట్టింది. నేను తినలేదు. నా చేతివంక చూసి, అందులో ఒకటి తీసుకుని, ఒలిచి, ఒక గింజ తాను నోట్లో వేసుకుని రెండోది నాకిచ్చింది.

"మొగోళ్లు వస్తరంట గదా ఇయ్యాల" అన్నది మెల్లగా. "నాకు గూడ భయమైతుంది బిడ్డా."

అంతదాకా భయపడటం నా ఒక్కదాని పని అనుకున్నాను. దయ్యం కూడా భయపడుతుందని ఏ సినిమా చెప్పలేదు. ఆ గింజ తిన్నాను.

ఇంటర్వెల్ అయ్యాక గేటు గడియ తీసిన చప్పుడైంది. "రా" అన్నది మేనత్త. చెయ్యి పట్టి నేలలో ముందుకు తీసుకెళ్లి కూర్చోబెట్టి, నా రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని వెనక కూర్చుంది. చేతులతో కళ్లు మూసుకునే వీలు లేకుండా. "ఇప్పుడు సూడు. సూసి, సూసిందే జెప్పు."

గజ్జెలు మోగాయి. ఆగాయి. పాటలు, మాటలు అన్నీ ఆగిపోయిన ఆ ఖాళీలో తెర మీదికి అది వచ్చింది. నేను చూశాను. సన్నని పిల్ల. ముఖానికి గోధుమపిండి రాసినట్టు తెలుపు. తిన్నగా, చక్కగా, రెండు కాళ్లతో నడిచి వచ్చింది. మా గల్లీలో ఎవరికీ లేనంత మంచి నడక. ఇంకా దగ్గరకు వచ్చింది. తెరంతా దాని ముఖం, భుజం. అప్పుడు ఆ భుజం మీద ఏదో తళుక్కుమంది.

పిన్నీసు. పైట జారకుండా దయ్యం పిన్నీసు పెట్టుకుంది.

ఎవరో ఒకమ్మాయి పొద్దున్నే లేచి, చీర కట్టుకుని, పైట సర్దుకుని, ఇక నడుస్తాను చూడండని నిలబడి ఉంటుంది. నా భయం నీరుగారిపోయింది. ఆ భయం పోయినచోటికి అంతకన్నా పెద్దది వచ్చింది. బయట గోడ పక్కన కూర్చున్నది మాత్రం నిజమైన మనిషి.

ఆట విడిచేసరికి ఎదురింటి తాత, ఇంకో నలుగురు గేటు దగ్గరికి వచ్చేశారు. మా నాయన వాళ్ల వెనక నిలబడి ఉన్నాడు. అవ్వ లేవలేదు. గంపను దగ్గరికి లాక్కుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పళ్లు దాచుకుంటోందని నాకు తెలిసింది.

నేను పోయి గంప ముందు నిలబడ్డాను. మేనత్త నన్ను తోయలేదు, ఆపనూ లేదు.

"తాతా, గా కాలు నేను పెట్టిన" అన్నాను.

"ఏం కాలే?"

"దయ్యం కాలు. సినిమాల లేదు. నేను దయ్యాన్ని సూడనే లేదు, కండ్లు మూసుకున్న. అవ్వ కాలు తెచ్చి దానికి పెట్టిన."

గుంపులో ఎవరో, "పోరిని గూడ పట్టింది సూడు, గదే మాట్లాడిస్తుంది" అన్నారు. నిజం చెప్తే చాలనుకున్నాను. నిజం ఒక్కటే ఒట్టి కాళ్లతో వస్తే దాన్ని కూడా బాణామతి అంటారని అప్పుడు తెలిసింది. నాకు వచ్చిన విద్య ఇంకొకటి లేదు. జడ విప్పాను. అదే గేటు ముందు, తెర మీద చూసిన నడక నడిచాను. రెండు కాళ్లతో, తిన్నగా, చక్కగా. భుజం మీద వేలు పెట్టి చూపించాను.

"దయ్యం గిట్ల నడుస్తది. పైటకు పిన్నీసు గూడ పెట్టుకుంది. నమ్మకుంటె ఈళ్లను అడుగుండ్రి."

బయటికి వస్తున్న ఆడవాళ్లు ఆగారు. చంకలో బిడ్డతో ఒకామె, "ఔ, పిన్నీసు నేను గూడ సూసిన" అన్నది. ఇంకొకామె, "పైట జారితె మనం భయపడమని దానికి భయమేమో" అన్నది. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు గేటు దగ్గర మొదలై సైకిళ్ల దాకా పాకింది. నవ్వుతూ ఒకరి పళ్లు పీకడం మనిషికి చేతకాదు. ఆ నలుగురూ ఒక అడుగు వెనక్కి వేశారు.

తాత మాత్రం నవ్వలేదు. "మరి మా పిల్లకు జరమెందుకొచ్చె?" అన్నాడు. ఆయన కూడా భయపడే ఉన్నాడు.

"మామా, దవాఖానకు తీస్కపోయిండ్రా?" అని మేనత్త అడిగింది. ఆయన తల దించుకున్నాడు. "నాలుగు దినాల సంది దయ్యాన్ని దేవులాడుతున్నరు గని డాక్టర్‌ను దేవులాడకపోతిరి."

అదే సాయంత్రం సైకిల్ ముందు పిల్లను కూర్చోబెట్టుకుని దవాఖానకు పోయారు. వారానికల్లా ఆ పిల్ల లేచి తిరిగింది.

మేనత్త నాకు శిక్ష వేసింది. ప్రతి ఆదివారం ఇంటర్వెల్‌దాకా లోపల, ఆ తర్వాత బయట. లోపల చూసింది అవ్వకు చెప్పాలి, అవ్వ విన్నది నేను వినాలి. నేను ఒక ఫైటు ఎక్కువ చెప్తే, "గంత సప్పుడు కాలేగా" అని పట్టేసేది. ఒకసారి లోపలికి రమ్మని పిలిచాను. "వద్దు బిడ్డా, సూస్తె నా సినిమా ఖరాబైతది" అన్నది. పిల్లలు మళ్లీ పల్లీలు కొన్నారు. కానీ కొందరు తల్లులు ఆ పొట్లాలను సందు మలుపులో పారేయించడం నేను చూశాను. నేను ఎన్నిసార్లు తిరిగి చెప్పినా, ఆ తల్లుల చెవిలో ఆ కాలు అట్లాగే ఉండిపోయింది. ఒక వానాకాలం ఆమె గంప ఎత్తుకుని తన ఊరి దిక్కు పోయింది, మళ్లీ రాలేదు. నా కథ ఆమెకన్నా ముందే అక్కడికి చేరిందేమోనని ఇప్పటికీ నాకు భయం.

ఇప్పుడు మా గల్లీ పిల్లలు సాయంత్రం నా కుట్టుమిషన్ దుకాణం ముందు చేరి సినిమాల మీద కొట్టుకుంటారు. ఫోన్‌లో ఎవడో బాగాలేదన్నాడని వీళ్లూ అంటారు. నేను సూదిలోకి దారం ఎక్కిస్తూ ఒక్కటే అడుగుతాను. "సూసినవా?" సగం మంది అక్కడే చల్లబడిపోతారు. మిగతా సగంతో పొద్దుపోయేదాకా వాదిస్తాను. దయ్యం సినిమా ఏది వచ్చినా నేను కళ్లు మూసుకోను. పిన్నీసు ఎక్కడుందో వెతుకుతాను, చప్పుడు ఎక్కడ ఆపాడో వింటాను. కాలు ఈడ్చే చప్పుడు ఇంతవరకు ఏ దయ్యం దగ్గరా వినబడలేదు.

దుకాణం మూసి ఇంటికి నడిచేటప్పుడు మాత్రం వినబడుతుంది. రెండేళ్లుగా నా ఎడమ మోకాలు సరిగా వంగడం లేదు. సర్... సర్... ఆ చప్పుడు నాకు తెలుసు. మలుపు దగ్గర అరుగు మీద ఒక పిల్ల కూర్చుని ఉంటుంది, తొమ్మిదో పదో ఏళ్లది, నోరు అచ్చం నాదే. నా నడకను కళ్లార్పకుండా చూస్తుంది. దాని పక్కన ఆగి, సంచిలోంచి నాలుగు పల్లీలు తీసి, ఒకటి ఒలిచి సగం నేను తిని సగం దానికిస్తాను. తింటుందో లేదోనని నిలబడి చూస్తాను.